ఆఖరి మనిషి వచ్చాడా? స్నేహితులతో కొండ దారి పట్టేవాళ్లకు

(తిరుపతిలో, కొత్తగా అడవి దారుల్లో నడవడం మొదలుపెట్టిన యువతీయువకుల ముందు చేసిన ప్రసంగం. ఆరోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక గోడవారగా నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ చాపల మీద చోటుంది. నోటు పుస్తకాలు తెచ్చుకున్నవాళ్లు తీయండి. కొన్ని లెక్కలు చెప్తాను, రాసుకుంటే మంచిది.

తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్లకు కొండ ఎక్కడం ఎవరూ నేర్పాల్సిన పని లేదు. ఈ ఊళ్లో "కొండకు పోయొచ్చినాం" అంటే ఏ కొండ అని ఎవరూ అడగరు. అలిపిరి మెట్లు ఒక్కసారైనా ఎక్కనివాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా? చేతులెత్తండి. లేరు. ఉండరనే అనుకున్నాను. అందుకే అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

అలిపిరి దారిలో 3550 మెట్లు. దూరం దాదాపు 9 కిలోమీటర్లు. పదిమంది స్నేహితులు కలిసి బయలుదేరతారు. మొదటి మెట్టుకు పసుపూ కుంకుమా పెట్టేటప్పుడు పదిమందీ ఒక్కచోటే ఉంటారు. గాలిగోపురం చేరేసరికి? నలుగురు పైకెక్కేసి కూర్చుని ఉంటారు. ముగ్గురు నడుమ ఎక్కడో ఉంటారు. ఇద్దరు మామిడికాయ ముక్కల దగ్గర ఆగిపోయి ఉంటారు. ఒకరు మోకాలు పట్టుకుని మెట్టు మీద చతికిలబడి ఉంటారు. "యాడున్నావురా" అని ఫోన్లు. అయినా ఏమైనా ఇబ్బంది అయిందా? కాలేదు. ఎందుకు కాలేదు? దారి ఒక్కటే కాబట్టి. తప్పిపోదామన్నా తప్పిపోలేరు. నీడ ఉంది, నీళ్లున్నాయి, దీపాలున్నాయి, ముందూ వెనకా జనం ఉన్నారు. మీ పదిమందినీ కాపాడుతున్నది ఆ జనమే, మీరు కాదు.

ఆ దారి కూడా అడవిలోదే అని మనం మరిచిపోకూడదు. 2023 ఆగస్టులో అదే దారిలో చిరుత ఒక చిన్నపాపను పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత మధ్యాహ్నం దాటాక పిల్లల్ని నడకదారిలోకి పంపకుండా ఆంక్షలు పెట్టారు, గుంపులుగా నడవమన్నారు. జనం పలచబడ్డ చోట, వెలుగు తగ్గిన వేళ, మెట్ల దారి అయినా అడవి అడవే.

ఇప్పుడు అదే పదిమంది, అదే అలవాటుతో, పాపవినాశనం దాటి తుంబురు తీర్థం వైపు పోయారనుకోండి. తలకోన పైకి పోయారనుకోండి. అహోబిలంలో ఉగ్రస్తంభం ఎక్కబోయారనుకోండి. అక్కడ బాట ఒక్కటి కాదు. పశువులు తొక్కిన బాట ఉంటుంది, కట్టెలకు పోయేవాళ్ల బాట ఉంటుంది, వాన నీళ్లు కోసిన చాలు కూడా బాటలాగే కనిపిస్తుంది. బోదగడ్డి నడుము దాకా పెరిగితే ముందు పోయిన మనిషి పది అడుగుల్లో మాయమైపోతాడు. ఫోను పలకదు. అక్కడ విడిపోయిన మనిషి నిజంగా ఒంటరి. అందుకని ఈరోజు నేను చెప్పే మాటలన్నీ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతాయి. ఆఖరి మనిషి వచ్చాడా? ఆగిన ప్రతిచోటా, దారి చీలిన ప్రతిచోటా, వాగు దాటిన ప్రతిచోటా ఈ ప్రశ్న పైకి అడగాలి. మనసులో అనుకుంటే చాలదు, నోటితో అడగాలి.

ముందుమనిషి, వెనకమనిషి

జట్టు ఎంతమంది ఉండాలి? కనీసం నలుగురు. ఎందుకు నలుగురు? ఒకరికి కాలు విరిగితే ఒకరు పక్కన కూర్చోవాలి, ఇద్దరు కలిసి సాయానికి పోవాలి. ఒంటరిగా ఎవరినీ పంపకూడదు, ఒంటరిగా ఎవరినీ వదలకూడదు. ముగ్గురైతే ఈ లెక్క కుదరదు. ఎక్కువలో ఎక్కువ పన్నెండు. పన్నెండు దాటితే రెండు జట్లు చేయండి, ఏ జట్టుకు ఆ జట్టు ముందుమనిషీ వెనకమనిషీ ఉండాలి. ఇరవైమంది ఒకే వరసలో నడిస్తే ముందు అరిచింది వెనక వినిపించదు.

ముందుమనిషి దారి తెలిసినవాడు. వెనకమనిషి ఎవరు? చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. అందరికంటే నిదానంగా నడిచే మనిషిని వెనక వదిలేసి, "నువ్వు మెల్లగా రా" అని పోతారు. అట్లా కాదు. జట్టులో బాగా అనుభవం ఉన్నవాళ్లలో రెండోవారు వెనక నడవాలి. మందుల పెట్టె ఆ మనిషి దగ్గరే ఉండాలి. ఎందుకంటే దెబ్బ తగిలేది ఎక్కువగా అలసినవాళ్లకు, అలసినవాళ్లుండేది వెనక. మందులు ముందుపోయినవాడి సంచిలో ఉంటే ఏం లాభం? వెనకమనిషికి ఒకటే నియమం. ఏ కారణం చేతా ఎవరినీ దాటి ముందుకు పోకూడదు. ఫొటో తీసేవాళ్లుంటే ఆగాలి, చెప్పుల్లో రాయి పడినవాళ్లుంటే ఆగాలి, అడవిలోకి పక్కకు పోయినవాళ్లుంటే వచ్చేదాకా ఆగాలి.

ఆ పక్కకు పోవడం గురించి కూడా సిగ్గుపడకుండా చెప్పుకుందాం. ఒంటికో రెంటికో పోవాల్సినప్పుడు చెప్పకుండా పొదల్లోకి పోవడం వల్ల మనుషులు తప్పిపోతారు. జట్టు దాటిపోతుంది, వాళ్లు ఇంకో బాట మీదికి వచ్చి తేలతారు. పద్ధతి ఏమిటంటే, పోయే మనిషి తన సంచిని బాట నడిమధ్యలో పెట్టి పోవాలి. సంచి కనిపించిందంటే మనిషి దగ్గరలోనే ఉన్నట్టు. వెనకమనిషి ఆ సంచిని దాటడు. నీటి వనరుకు కనీసం అరవై మీటర్లు దూరంగా పోండి, గుంత తీసి పూడ్చండి. అమ్మాయిలున్న జట్టులో ఒకరికొకరు తోడుగా పోవడం మాట్లాడుకుని పెట్టుకోండి. ఇది అడగడానికి మొహమాటపడి నీళ్లు తాగడం మానేసే అమ్మాయిలు ఉంటారు. నీళ్లు మానేస్తే ఏమవుతుందో తర్వాత చెప్తాను.

ఇంకొకటి, నంబర్లు. బయలుదేరే ముందు ఒక్కొక్కరికి ఒక్కో నంబరు ఇవ్వండి. ఆగిన చోట ముందుమనిషి "ఒకటి" అంటాడు, తర్వాతివాళ్లు "రెండు", "మూడు" అని అంటూ పోతారు. పదిమందిని లెక్కించడానికి పది సెకన్లు పడుతుంది. కళ్లతో లెక్కిస్తే తప్పుతుంది, లెక్కించేవాడు తనను తాను లెక్కించుకోవడం మర్చిపోతాడు. గొంతుతో లెక్కిస్తే తప్పదు. ఎవరి నంబరు పలకలేదో వెంటనే తెలుస్తుంది.

దారి చీలిన చోట ఏం చేయాలి? ముందుమనిషి ఆగాలి. అందరూ వచ్చి, తిరిగిన వైపు చూసుకున్నాకే కదలాలి. ఒకవేళ వరస సాగిపోయి ఉంటే, ప్రతి మనిషీ తన వెనక మనిషికి కనిపించేదాకా ఆ చీలిక దగ్గర నిలబడాలి. నా ముందువాడు కనిపిస్తున్నాడా అని మాత్రమే చూస్తే చాలదు, నా వెనకవాడికి నేను కనిపిస్తున్నానా అని చూడాలి.

ఇప్పుడు ఒక చిన్న సంగతి దగ్గరగా చూపిస్తాను. చూడటానికి చిన్నదే, కానీ జట్లు చెడిపోయేది దీనివల్లే.

ఆరుగురు ఏటవాలు ఎక్కుతున్నారు. ముందున్న ఐదుగురు చకచకా ఎక్కి ఒక పెద్ద బండ నీడలో ఆగారు. సంచులు దించారు. నీళ్లు తాగారు. వేరుశనగ ఉండలు తిన్నారు. పది నిమిషాలు గడిచాయి, చెమట ఆరింది, ఒళ్లు చల్లబడింది, ఇక కదలాలనిపించింది. అప్పుడు ఆరో మనిషి వస్తాడు. ముఖం ఎర్రగా కందిపోయి ఉంటుంది, ఊపిరి అందదు, చేతులు మోకాళ్ల మీద ఆనించి నిలబడతాడు. ఇంకా తల ఎత్తలేదు. అప్పుడే ముందువాళ్లు లేచి, "హమ్మయ్య, వచ్చేశావా, ఇక పోదామా" అని సంచులు తగిలించుకుంటారు. ఏం జరిగిందిప్పుడు? విశ్రాంతి అక్కర్లేని ఐదుగురికి పది నిమిషాల విశ్రాంతి దొరికింది. విశ్రాంతి కావలసిన ఒక్కడికి ఒక్క నిమిషం కూడా దొరకలేదు. ఆ మనిషి నోరు తెరిచి "నాకు ఆగాలని ఉంది" అనడు. స్నేహితుల ముందు అనడు. నీళ్ల సీసా తీసే తీరికా లేక అట్లాగే కదులుతాడు. తర్వాతి ఏటవాలులో ఇంకాస్త వెనకబడతాడు. మూడుసార్లు ఇట్లా జరిగిందంటే, నాలుగోసారి ఆ మనిషి కాలు తడబడుతుంది. పడ్డాక "చూసుకుని నడవద్దా" అని మనమే అంటాం.

మందు చాలా సులభం. విరామం గడియారం ఆఖరి మనిషి కూర్చున్నాకే మొదలవ్వాలి. గంటకోసారి పది నిమిషాలు అనుకుంటే, ఆ పది నిమిషాలూ ఆయన సంచి దించినప్పటి నుంచి. అంతకంటే మంచిది, నిదానంగా నడిచే మనిషిని ముందుమనిషి వెనకే రెండో స్థానంలో నడిపించడం. అప్పుడు జట్టు నడక దానంతటదే సర్దుకుంటుంది. ఎవరి సంచి బరువైతే అది కాస్త పంచుకోండి. రెండు లీటర్ల నీళ్లు ఇంకొకరి సంచిలోకి మారితే రెండు కిలోలు తగ్గినట్టే. నడక వేగం సరిగ్గా ఉందో లేదో ఎట్లా తెలుస్తుంది? పక్కవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. రెండు మాటలకే ఊపిరి తెగుతుంటే వేగం ఎక్కువైనట్టు.

గంటలు, నీళ్లు, కాళ్లు

సరే, లెక్కలు. 1892లో స్కాట్లాండుకు చెందిన విలియం నైస్మిత్ అనే ఆయన ఒక లెక్క చెప్పాడు. చదునుగా నడిచే దూరానికి 5 కిలోమీటర్లకు ఒక గంట. దానికి తోడు ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. అంతే. మన అలిపిరి దారికి వేసి చూద్దాం. 9 కిలోమీటర్లు అంటే గంటా నలభై ఎనిమిది నిమిషాలు. ఎక్కే ఎత్తు సుమారు 700 మీటర్లు, దానికి గంటా పది నిమిషాలు. మొత్తం మూడు గంటలు. మీకెంత పట్టింది? మూడున్నర? నాలుగు? చూశారా, ఆగకుండా నడిచే గట్టి మనిషి లెక్క అది. జట్టుగా పోయేటప్పుడు, అడవి బాటలో, దాన్ని ఒకటిన్నర రెట్లు చేయండి. వాగులో బండల మీద దుముకుతూ పోయే దారైతే రెండు రెట్లు చేయండి.

ఒక ఉదాహరణ రాసుకోండి. రానూపోనూ 12 కిలోమీటర్లు, ఎక్కే ఎత్తు 600 మీటర్లు. లెక్క ప్రకారం దాదాపు మూడున్నర గంటలు. ఒకటిన్నర రెట్లు చేస్తే ఐదుంబావు. తిండికీ విరామాలకూ ఇంకో గంటంబావు. ఆరున్నర గంటలు. డిసెంబరులో ఇక్కడ పొద్దు అయిదూ ముక్కాలుకు కుంకుతుంది. లోయలో గంట ముందే చీకటి కమ్ముతుంది. కాబట్టి నాలుగింటికల్లా బండి దగ్గర ఉండాలని పెట్టుకోండి. అప్పుడు ఎన్నింటికి బయలుదేరాలి? తొమ్మిదిన్నరకు అంటున్నారు ఎవరో. ఒక మనిషికి చీలమండ బెణికితే మిగతా దారికి రెండింతలు పడుతుంది. ఆ సమయం ఎక్కణ్ణుంచి తెస్తారు? ఏడింటికి బయలుదేరండి. తిరుగు గంట కూడా అప్పుడే పెట్టుకోండి. పదకొండు కొట్టాక మీరు చేరాలనుకున్న గుండం వంద అడుగుల దూరంలో ఉన్నా సరే, తిరగాలి. ఆ మాట కింద, బండి దగ్గర, అందరూ ఒప్పుకోవాలి. పైన, నీళ్ల చప్పుడు వినిపిస్తుండగా, ఎవరూ ఒప్పుకోరు.

నీళ్లు. చలికాలంలో గంటకు అర లీటరు. ఎండ ఉంటే ముప్పావు నుంచి లీటరు. చలికాలంలో ఆరు గంటల నడకకు మనిషికి మూడు నుంచి నాలుగు లీటర్లు. నాలుగు లీటర్లంటే నాలుగు కిలోలు, మోయక తప్పదు. సగం నీళ్లు అయిపోయినప్పుడు మీరు సగం దారి దాటి ఉండాలి. లేకపోతే తిరగాలి. వట్టి నీళ్లు మాత్రమే లీటర్లకొద్దీ తాగినా ప్రమాదమే, చెమటలో ఉప్పు పోతుంది. ఓఆర్‌ఎస్ పొట్లాలు తీసుకునేటప్పుడు దాని మీద ఎంత నీటిలో కలపాలో చదవండి. లీటరుకు ఒక పొట్లం ఉంటుంది, 200 మిల్లీలీటర్లకు వేరే చిన్న పొట్లం ఉంటుంది. రెండూ కలగాపులగం చేసేస్తారు. పొట్లం లేకపోతే లీటరు నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చిన్న చెంచా, తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువ వేయకూడదు. మూత్రం లేతపసుపు రంగులో ఉంటే సరిపోయినట్టు, ముదురైతే చాలనట్టు.

ఎండదెబ్బ ఎట్లా మొదలవుతుంది? మాట తగ్గుతుంది. అప్పటిదాకా కబుర్లు చెప్పిన మనిషి మౌనంగా అయిపోతాడు. తలనొప్పి, వికారం, పిక్కలు పట్టేయడం. ఈ దశలో నీడ, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు, అరగంట పడుకోబెట్టడం చాలు. పొంతన లేకుండా మాట్లాడుతున్నాడా, తూలుతున్నాడా, ఒళ్లు కాలిపోతున్నదా, అది వడదెబ్బ. ప్రాణం మీదికి వచ్చినట్టు. అప్పుడు నీళ్లు తాగించడం కాదు, ఒంటి మీద పోయాలి. గుడ్డలు తడిపి మెడకూ చంకలకూ గజ్జలకూ పెట్టాలి, టవలుతో విసరాలి. చల్లబరుస్తూనే సాయం పిలవాలి. మార్చి నుంచి జూన్ దాకా రాయలసీమ కొండల్లో పగటి నడకే వద్దంటాను. ఎండిన గడ్డి, అడవి నిప్పు, ఆరిన చెలమలు, మూడూ ఒక్కసారే ఉండే కాలం అది.

వానల సంగతి మన రాష్ట్రంలో రెండు రకాలు. అరకు, లంబసింగి వైపు జూన్ నుంచి సెప్టెంబరు దాకా ముఖ్యమైన వానలు. మన శేషాచలానికి అక్టోబరు, నవంబరు, డిసెంబరు వానలు గట్టివి. హైదరాబాదు నుంచి వచ్చే మిత్రులకు ఇది తెలియదు, నవంబరు అంటే వానలు వెళ్లిపోయాయనుకుంటారు. 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు దారి ఎట్లా దెబ్బతిన్నదో మీకు గుర్తుండే ఉంటుంది, 2022 మే దాకా తెరవలేకపోయారు. రాతి మెట్లే కొట్టుకుపోయాయంటే వాగులో నిలబడ్డ మనిషి ఎంత? మీ నెత్తిన చుక్క పడకపోయినా పైన కురిసి ఉండొచ్చు. తేటగా ఉన్న నీళ్లు మట్టి రంగు తిరిగినా, ఆకులూ పుల్లలూ ఎక్కువగా కొట్టుకొస్తున్నా, చప్పుడు మారినా వెంటనే గట్టెక్కండి. ఎక్కేటప్పుడు సంచుల కోసం వెనక్కి పోవద్దు. మోకాలు దాటిన పారే నీటిలో దిగొద్దు. దాటక తప్పనప్పుడు సంచి నడుము పట్టీ విప్పేయండి, పడితే సంచి వదిలించుకోవడానికి.

కాళ్లు. బూట్లు అర సైజు పెద్దవి తీసుకోండి, సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. గోళ్లు ముందురోజే కత్తిరించుకోండి. దిగేటప్పుడు వేళ్లు బూటు ముందుభాగానికి కొట్టుకుని గోళ్లు నల్లబడేది అందుకే. కొత్త బూట్లతో రాకండి, అది అందరికీ తెలుసు. పాత బూట్లతో కూడా రాకండి, అది చాలామందికి తెలియదు. నాలుగైదేళ్లు అలమరలో పెట్టిన బూట్ల అడుగులో నురుగులాంటి పొర ఉంటుంది, అది తేమకు లోపల్లోపలే పొడి అయిపోతుంది. చూడటానికి కొత్తగానే ఉంటాయి. అడవిలో రెండు గంటలు నడిచాక అట్ట ఊడినట్టు అడుగు ఊడొస్తుంది. బయలుదేరే ముందు బూటును వెనక్కి ముందుకి గట్టిగా వంచి చూడండి. జట్టులో ఒకరి దగ్గర గుడ్డ టేపు చుట్ట, రెండు మూరల నైలాను తాడు ఉండాలి.

పాదంలో ఎక్కడైనా వెచ్చగా, రాసుకుంటున్నట్టుగా అనిపించిన నిమిషంలోనే ఆగి టేపు వేయండి. బొబ్బ వచ్చాక ఏం చేసినా సగమే. దీనికి ఆగమని అడగడానికి సిగ్గుపడతారు. అందుకే మొదటి అరగంటకు ముందుమనిషే ఆగి, "అందరూ పాదాలు చూసుకోండి" అనాలి. అడగాల్సిన అవసరం ఎవరికీ రాకుండా చూడాలి. జీన్సు వద్దు, తడిస్తే ఆరదు, తొడలు ఒరుసుకుంటాయి. పొట్టి నిక్కర్లు కూడా వద్దు, చిట్టీత ముళ్లు పిక్కలను కోసి పెడతాయి.

గుండాలు, రాళ్లు, తేనెటీగలు

శేషాచలం కొండల్లో ప్రాణాలు తీసేవి చిరుతా పామూ మాత్రమే కాదు. నీళ్లు. గుండాలు. ఎండలో నడిచి నడిచి పోతారు, పచ్చటి నీళ్లు కనిపిస్తాయి, ఒకడు దుముకుతాడు. అడుగున బండ ఉందో, ఎంత లోతో తెలియదు. ఇంకో సంగతి వినండి, ఇది ముఖ్యం. ఈ గుండాల గోడలు నీళ్లు ఒరిసి ఒరిసి నున్నగా అయిన రాయి, పైన పాచి. దిగడం సులువే. ఎక్కడానికి పట్టు దొరకదు. ఈత వచ్చినవాడు కూడా గోడ పట్టుకోబోయి జారి, మళ్లీ పట్టుకోబోయి జారి, అలసిపోయి మునుగుతాడు. మునిగేవాడిని కాపాడబోయి ఇంకొకడు దుముకుతాడు. ఒకరి కోసం పోయి ఇద్దరు. అందుకని, నడిచి దిగి నడిచి ఎక్కగలిగే మెరక ఉన్న గుండంలోనే, నడుము లోతు దాకానే. గట్టు మీద ఇద్దరు తాడు పట్టుకుని ఉండాలి. ఎవరైనా మునుగుతుంటే తాడు విసరండి, పంచె విసరండి, మూత బిగించిన ఖాళీ నీళ్ల డబ్బా విసరండి, మీరు దుమకొద్దు. మందు తాగినవాళ్లున్న జట్టుతో అడవికి పోనే పోవద్దు. ఇందులో నాకు రెండో మాట లేదు.

రాళ్లు. అహోబిలంలో ఎగువ గుడి దగ్గర్నుంచి భవనాశిని వాగు వెంట జ్వాలా నరసింహస్వామి దాకా భక్తులు బాగానే నడుస్తారు, డోలీల్లో కూడా పోతారు. ఉగ్రస్తంభానికి ఎక్కే దారి అట్లాంటిది కాదు. నిట్టనిలువు, కాలి కింద రాళ్లు వదులు. ముందువాడు కదిపిన రాయి వెనకవాడి తల మీదికి వస్తుంది. అట్లాంటి చోట రెండే పద్ధతులు. అయితే ఒకరికొకరు చేయి అందేంత దగ్గరగా ఎక్కండి, రాయి జారినా వేగం అందుకోకముందే తగులుతుంది. లేకపోతే ఒక్కొక్కరు ఎక్కండి, మిగతావాళ్లు పక్కకు, బండ చాటున నిలబడండి. రాయి కదిలిందంటే ఎవరి కాలి కింద అయినా సరే, "రాయి!" అని అరవాలి. విన్నవాళ్లు తల పైకెత్తి చూడకూడదు. గోడకు అతుక్కుని సంచి నెత్తి మీద పెట్టుకోవాలి. అహోబిలం ఉన్న నల్లమల పెద్దపులుల అడవి. అక్కడి బాటలు తెలిసిన చెంచులను, స్థానికులను వెంట తీసుకెళ్లండి, అడిగినంత కూలి బేరమాడకుండా ఇవ్వండి.

దిగేటప్పుడు పొరపాట్లు ఎక్కువ. పని అయిపోయిందని మనసు అనుకుంటుంది, తొడలు అప్పటికే వణుకుతుంటాయి. అడుగులు చిన్నవి వేయండి, మోకాలు కొద్దిగా వంచే ఉంచండి, కర్ర ముందు పెట్టి తర్వాత కాలు పెట్టండి. పరుగు వద్దు.

తేనెటీగలు. కొండచరియలకు నల్లగా పలకల్లాగా వేలాడే పెద్ద తుట్టెలు చూసే ఉంటారు. వాటి కింద కేకలు వేయొద్దు, రాయి విసరొద్దు, పొగ పెట్టొద్దు, గుప్పుమనే సెంటు పూసుకుని పోవద్దు. లేచాయంటే? నిలబడి చేతులు విసిరితే ఇంకా రెచ్చిపోతాయి. ముఖం, తల చొక్కాతోనో దుప్పట్టాతోనో కప్పుకుని వచ్చిన దారినే పరుగెత్తాలి, ఆగకుండా చాలా దూరం. నీళ్లలో దూకొద్దు, తల ఎత్తేదాకా పైన కాచుకుని ఉంటాయి. తర్వాత ముళ్లు గోటితో గీకి వెంటనే తీసేయండి. పెదాలు వాచినా, గొంతు పట్టేసినట్టున్నా, ఊపిరి ఆడకపోయినా అది మామూలు కుట్టు కాదు, నిమిషాల్లో ఆసుపత్రి దారి పట్టాలి. ఇంతకుముందు ఎవరికైనా తేనెటీగ కుడితే ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయా అని బయలుదేరే ముందే అడగండి. ఉబ్బసం, చక్కెర జబ్బు, మూర్ఛ కూడా అడగండి.

పాము కరిస్తే కట్టు బిగించొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, పసరు మందు వేయొద్దు. ఉంగరాలు, గజ్జెలు, బూటు తీసేయండి. కాలిని కర్రలతో కదలకుండా కట్టి మనిషిని మోసుకుపోండి, నడిపించొద్దు. విషానికి విరుగుడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, నాలుగింటికీ అదే మందు. పాము పట్టుకురావాల్సిన అవసరం లేదు. ఫోను 108కి, లేదా 112కి. మీ సిమ్ముకు సిగ్నలు లేకపోయినా ఇంకో కంపెనీ సిగ్నలు ఉంటే 112 కలుస్తుంది. అదీ లేకపోతే విజిల్. నిమిషంలో ఆరుసార్లు ఊదాలి, ఒక నిమిషం ఆగాలి, మళ్లీ ఆరుసార్లు. విన్నవాళ్లు మూడుసార్లు ఊదితే వస్తున్నామని అర్థం. ప్రతి మనిషి మెడలో ఒక విజిల్ ఉండాలి. ప్రతి మనిషికి ఒక తలలైటు ఉండాలి. ఫోను లైటుతో దిగితే ఒక చేయి పోయినట్టే, ఫోను ఛార్జీ కూడా పోయినట్టే.

అనుమతి మాట. తుంబురు తీర్థానికి ఫాల్గుణ పౌర్ణమి ముక్కోటికి దేవస్థానం వాళ్లే ఏర్పాట్లు చేసి జనాన్ని పంపుతారు. మిగతా రోజుల్లో అటవీశాఖ అనుమతి లేకుండా శేషాచలంలో అడుగు పెట్టొద్దు. అది జాతీయ ఉద్యానం, పైగా ఎర్రచందనం ఉన్న అడవి. సంచులేసుకుని తెల్లారకముందు లోపలికి పోయే పదిమందిని చూసి కాపలావాళ్లు ఏమనుకుంటారు? అనుమతి తీసుకుంటే ఇంకో మేలుంది. మీరు ఎంతమంది పోయారో, ఎప్పుడు రావాలో బయట ఒకరికి తెలిసి ఉంటుంది.

హిమాలయాలకు పోయేవాళ్లు ఇద్దరు ముగ్గురున్నారని విన్నాను. కేదార్‌కాంఠ కదా? ఒక్క మాటే చెప్తాను. 3000 మీటర్లు దాటాక నిద్రపోయే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు. తలనొప్పి, వికారం వస్తే అది కొండ ఎత్తు వల్లనే అనుకోండి, వేరే కారణం వెతకొద్దు. తగ్గేదాకా ఇంకా పైకి పోవద్దు. నేలమీద గీత గీసి దానిమీద మడమకు వేలు ఆనించి నడవమనండి. తూలినా, కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వచ్చినా, అర్ధరాత్రయినా సరే కిందికి దించాలి, తోడుగా ఇద్దరు దిగాలి. నావల్ల అందరి ప్రయాణం పాడవుతుందని తలనొప్పి దాచిపెట్టేవాళ్లు స్నేహితుల జట్లలోనే ఎక్కువ. రోజూ రాత్రి ఒక్కొక్కరినీ విడిగా అడగండి.

ఎవరో చెయ్యి ఎత్తారు. చెప్పమ్మా. "కొత్తవాళ్లు మాతో వస్తామంటారు, నడవగలరో లేదో ముందుగా ఎట్లా తెలుస్తుంది?" మంచి ప్రశ్న. మన ఊళ్లో దీనికి చక్కటి వసతి ఉంది. పొద్దున్నే అందరూ శ్రీవారి మెట్టుకు రండి. 2388 మెట్లు, రెండు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. ఒక్కొక్కరి సంచిలో నాలుగు లీటర్ల నీళ్లు పెట్టుకోండి. ముందుమనిషినీ వెనకమనిషినీ అక్కడే పెట్టుకుని, నంబర్లు పిలుచుకుంటూ, ఒక్కరు కూడా విడిపోకుండా ఎక్కండి. మెట్ల మీద విడిపోకుండా ఎక్కడం చాలా కష్టం, గట్టివాళ్ల కాళ్లు లాగేస్తుంటాయి, అప్పుడు వాళ్ల ఓపిక కూడా తెలుస్తుంది. పైన బస్సు ఎక్కొద్దు. నడిచే దిగండి. మర్నాడు పొద్దున ఇంట్లో మెట్లు దిగేటప్పుడు ఎవరి తొడలు ఎట్లా ఉన్నాయో ఒకరికొకరు ఫోన్ చేసి కనుక్కోండి. గోడ పట్టుకుని దిగుతున్నామన్నవాళ్లు ఇంకో మూడు వారాలు, వారానికి రెండుసార్లు ఆ మెట్లే ఎక్కి దిగాలి. వాళ్లు సిద్ధమయ్యాకే జట్టుకు తేదీ పెట్టండి.